వెనక్కి చూసే బాతు

కారు బాబాయి బండి ఎక్కాలంటే నాకు ఒకటే షరతు.

"వచ్చినవాళ్ళు అడిగితేనే మాట్లాడు" అనేవాడు. అని, వెంటనే తనే నవ్వేవాడు. "అడిగినా మాట్లాడవు కదే నువ్వు, మాటల మూటా!"

ఊళ్ళో అందరూ నన్ను అలాగే పిలిచేవారు, ఎగతాళికి. హాజరు పలికేటప్పుడు తప్ప ఈ పిల్ల గొంతు ఎలా ఉంటుందో తెలీదని లెక్కల టీచరు ఒకసారి అమ్మతో చెప్పింది.

బాబాయి నాన్నకు స్వయానా తమ్ముడు. సొంత కారు ఉంది. ఆదివారాలు పట్నం నుంచి ఒక్క కుటుంబాన్నే ఎక్కించుకుని వచ్చి, పొద్దున పాతగోడలు చూపించి, మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం పెట్టించి, సాయంత్రం పొలాల గట్ల మీద తిప్పి, మళ్ళీ తీసుకెళ్ళి దించేవాడు. కారు వెనక అద్దం మీద 'ఒక్క రోజులో వెయ్యేళ్ళు' అని రాయించాడు. నీళ్ళ సీసాల సంచీ, గొడుగులూ మోయడం నా పని.

పాతగోడలంటే ఊరికి రెండు మైళ్ళ దూరంలో గుట్ట మీద ఉన్న రాతి కట్టడాలు. నాన్న అక్కడ కాపలాదారు. పదకొండేళ్ళుగా రోజుకూలీ కిందే చేస్తున్నాడు. ఆ ఏడాది పర్మనెంటు చేస్తామని పురావస్తు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పెద్ద సారు సంతకం ఒక్కటే మిగిలింది. దాని కోసం మా ఇంట్లో అన్నీ ఆగి ఉన్నాయి. వంటింటి కప్పు, నానమ్మ కంటి ఆపరేషను, పట్నంలో హాస్టలున్న కాలేజీలో నేను చేరడం. ఏది అడిగినా అమ్మ "సంతకం కానీ" అనేది. "ఉప్పు అయిపోయిందన్నా సంతకం కానీ అంటావేమే" అని నానమ్మ దెప్పేది.

ఆ కట్టడాల్లో పడమటి గోడకు నడుమెత్తున బాతుల వరస చెక్కి ఉంది. ఒకదాని వెనక ఒకటి గోడ పొడుగునా నడుస్తుంటాయి. ఒకచోట మాత్రం మూరన్నర మేర వరస తెగిపోయి, సిమెంటు పూత ఉంటుంది. బాబాయి వాటిని హంసలంటాడు. శత్రురాజు ఏనుగులతో కుమ్మించి అక్కడ పగలగొట్టించాడని వచ్చినవాళ్ళకు చెప్తాడు. అంతంత ఏనుగులు మూరన్నరతో ఎందుకు సరిపెట్టుకున్నాయని ఎవరూ అడగలేదు.

ఆ మూరన్నర రాయి మా పెరట్లో ఉంది. నానమ్మ దాని మీదే బట్టలుతికేది.

ఎవరు తెచ్చారో తెలీదు. నానమ్మ కాపురానికి వచ్చేటప్పటికే అక్కడుందట. మా ఊళ్ళో అలాంటి రాయి లేని ఇల్లు తక్కువ. ఒకరికి గడప, ఒకరికి మెట్టు, ఒకరికి పశువుల తొట్టి కింద ఎత్తు. ఆ కాలంలో గుట్ట మీద పడి ఉన్న రాయి ఎవరిదీ కాదు. ఇల్లు కట్టుకునేవాడు బండి తోలుకెళ్ళి తెచ్చుకున్నాడు. తర్వాత ఎప్పుడో కంచె వేశారు, బోర్డు పెట్టారు, కాపలా పెట్టారు. అప్పటి నుంచి ఊళ్ళో ఒక పద్ధతి ఏర్పడింది. బొమ్మ ఉన్న వైపు కిందికి పెట్టాలి, దాని గురించి మాట్లాడకూడదు. కొత్త కోడలికి కూడా ఎవరూ చెప్పరు. కడుగుతూ ఊడుస్తూ తనే తెలుసుకుంటుంది, తనూ ఊరుకుంటుంది.

నేను రెండో తరగతిలో ఉండగా వానలకు మా రాయి ఒక పక్కకు కుంగింది. నాన్నా బాబాయీ గడ్డపారలతో ఎత్తి సరిచేస్తుంటే వంగి చూశాను. ఐదు బాతులు. నాలుగు ముందుకు నడుస్తున్నాయి. మధ్యది మాత్రం మెడ తిప్పి, తన వెనకవి వస్తున్నాయో లేదో అన్నట్టు చూస్తోంది.

"హంసలు కదే అమ్మా?" అన్నాడు బాబాయి.

"ఇవి హంసలైతే నేను మహారాణినిరా. బాతులు. దించండి, నడుములు పడిపోతాయి" అంది నానమ్మ.

దించేశారు. కాలువ వైపు మాత్రం కింద బెత్తెడు సందు మిగిలింది. అందులో చెయ్యి పెడితే మధ్య బాతు ముక్కు వేలికి తగిలేది. బడిలో ఏదైనా జరిగిన రోజు నేను వెళ్ళి ఆ ముక్కు తడిమి వచ్చేదాన్ని.

ఆ ఆదివారం వచ్చింది ఇద్దరే, భార్యాభర్తలు. ఆయన కారు దిగినప్పటి నుంచి ఫోనులోనే ఉన్నాడు. ఆవిడ చేతిలో బొమ్మలు గీసుకునే పుస్తకం ఉంది. నేను గొడుగు పట్టబోతే, "నాకు టోపీ ఉంది, నువ్వు వేసుకో" అంది.

గుట్ట మెట్లు ఎక్కుతూ అడిగింది. "ఏం చదువుతున్నావు?"

"పదో..." అని ఆగాను.

మామూలుగా ఇక్కడ బాబాయి అందుకుంటాడు. లేకపోతే అడిగినవాళ్ళే ఇంకో మాటలోకి వెళ్ళిపోతారు. ఆవిడ నిలబడి, మిగతా మాట వచ్చేదాకా నన్ను చూసింది.

"పదో తరగతి అయిపోయిందండి."

"ఇప్పుడు?"

"కాలేజీ. నాన్నకు సంతకం అయితే."

సంతకం ఏమిటని అడిగింది. చెప్పాను. మెట్లన్నీ ఎక్కేలోపు పదకొండేళ్ళ సంగతీ, పెద్ద సారు సంగతీ, నానమ్మ కళ్ళ సంగతీ చెప్పేశాను. నాకే ఆశ్చర్యం వేసింది.

గోడ దగ్గర నాన్న ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ లేచాడు. బాబాయి ఏనుగుల కథ చెప్పాడు. ఆవిడ బాతులను ఒక్కొక్కటీ లెక్కపెట్టి పుస్తకంలో గీసుకుంది. సిమెంటు దగ్గర ఆగి, "ఇక్కడ ఎన్ని పోయి ఉంటాయి?" అంది.

"ఐదండీ" అన్నాడు నాన్న.

"అంత కచ్చితంగా చెప్తున్నారే!"

నాన్న కర్రతో సిమెంటును కొలిచినట్టు చేశాడు. "ఖాళీని బట్టి చెప్తున్నానండి. రోజూ చూసేదే కదా."

"మా అన్నయ్యకు లెక్కలు బాగా వచ్చండి. ఉద్యోగం దగ్గరే ఎక్కడో తేడా కొట్టింది" అన్నాడు బాబాయి గబుక్కున. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు.

మధ్యాహ్నం ఇంట్లో అమ్మ వడ్డిస్తోంది. ఆవిడ భర్త సిగ్నలు కోసం వీధిలో తిరుగుతున్నాడు. ఆవిడ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వస్తే నేను చెంబుతో నీళ్ళు పోశాను. కడుక్కుని, బట్టలుతికే రాయి మీదే కూర్చుని పుస్తకం తెరిచి చూపించింది. పొద్దుట గీసిన బాతులన్నీ అందులో ఉన్నాయి.

"వీటిలో నీకేది ఇష్టం?"

"వెనక్కి చూసేది" అన్నాను.

ఆవిడ పేజీలు తిప్పింది. "వెనక్కి చూసేది లేదే. నూట పన్నెండు లెక్కపెట్టాను. అన్నీ ముందుకే చూస్తున్నాయి."

ఇంకొక్కసారి అడిగి ఉంటే లోపలికి పారిపోయేదాన్ని. ఆవిడ అడగలేదు. మెట్ల మీద చూసినట్టే, ఊరికే చూస్తూ కూర్చుంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని సందులోకి పెట్టాను.

ఆవిడ కాసేపు తడిమింది. తర్వాత ఆ మంచి చీరతోనే తడి నేల మీద బోర్లా పడుకుని, ఫోను లైటు వేసి లోపలికి చూసింది. ఫోటోలు తీసింది. లేచేసరికి చెంపకు బురద.

"ఎవరెవరికి తెలుసు ఇది?"

"అందరికీ."

"ఇన్నేళ్ళూ మీరే కాపాడారన్నమాట!"

"బట్టలుతుకుతామండి."

ఆవిడ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

"ఎవరికీ చెప్పకండి. నాన్నకు..."

"భయపడకమ్మా. మీ నాన్నకు మంచే జరుగుతుంది. నాదీ పూచీ."

ఆ రోజు డైరీలో మూడు పేజీలు రాశాను. బయటి మనిషితో అన్ని మాటలు మాట్లాడటం నాకు అదే మొదలు. నిజం చెప్పాలంటే, చాలా సంతోషంగా ఉన్నాను.

పది రోజులకు ఆఫీసు జీపు వచ్చింది, వెనక చిన్న లారీ. జీపులోంచి ఒక కుర్ర ఆఫీసరు దిగాడు. చేతిలో ఉత్తరం. పెరట్లో నిలబడి గట్టిగా చదివాడు.

'మీ కాపలాదారు కుటుంబం తరతరాలుగా ఈ శిల్పాన్ని తమ ఇంట్లో కాపాడుకుంటూ వచ్చింది. వారి అమ్మాయే స్వయంగా నాకు చూపించింది. ఇటువంటి మనిషి ఉద్యోగం ఇంకా పర్మనెంటు చేయకపోవడం అన్యాయం. దయచేసి వెంటనే సంతకం చేయగలరు.'

మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బాగుందయ్యా. కాపలా గుట్ట మీద, సరుకు ఇంట్లో!"

"నేను పుట్టకముందు నుంచీ ఉందండి అది" అన్నాడు నాన్న.

"పదకొండేళ్ళలో ఒక్కరోజైనా వచ్చి చెప్పావా?"

నాన్న నా వైపు ఒక్కసారి చూశాడు. తిడతాడనుకున్నాను. గోడవార ఉన్న గడ్డపార తెచ్చి, "నేనే ఎత్తుతానండీ. మీవాళ్ళయితే అంచు విరుగుతుంది" అన్నాడు.

నలుగురు పట్టారు. రాయి తిరగబడింది. కింద తడి మట్టిలో ఎర్రలు మెలికలు తిరిగాయి. బాతుల రెక్కల గీతల్లో మట్టి నిండి ఉంది. మధ్య బాతు ముక్కు ఒక్కటే నున్నగా మెరిసింది.

"ఇదేంటి, ఇక్కడొక్కచోటే అరిగింది?" అన్నాడు ఆఫీసరు.

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ పని ఆ రోజు చేతనైంది.

నాన్న చేత వాంగ్మూలం రాయించుకున్నారు. కేసు పెట్టకుండా వదిలేస్తున్నామన్నారు. పెద్ద మేలు చేస్తున్నట్టు చెప్పారు. ఖాకీ చొక్కా, కర్ర, ఈల తీసుకున్నారు. ఇన్నాళ్ళూ మేం ఎదురుచూసిన సంతకం అయింది. నాన్నది.

పోతూ పోతూ ఆఫీసరు వీధిలో నిలబడి, వచ్చే వారం ప్రతి ఇల్లూ చూస్తామన్నాడు.

జీపు మలుపు తిరిగిందో లేదో, ఎక్కడో సుత్తి దెబ్బ వినిపించింది. ఇంకో ఇంట్లో ఇంకోటి. రెండు రోజులు ఊరంతా అదే మోత. గడపలు పగిలాయి, మెట్లు పగిలాయి. ముక్కలను గంపల్లో తెచ్చి రోడ్డు గుంతల్లో పోశారు. పాల కేంద్రానికి వెళ్ళే దారిలో కంకర మధ్య ఒక రాతి చెవి కనిపించింది, పోగుతో సహా. చెప్పుతో దాని మీదికి మట్టి తోశాను.

పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి అమ్మతో అంది. "మీ మాటల మూట ఇన్నాళ్ళూ విప్పలేదు. విప్పి ఊరంతటికీ పంచిందమ్మా!"

అమ్మ తిరిగి ఏమీ అనలేదు. అనకపోవడం అమ్మకు అలవాటు లేదు.

వారం తర్వాత ఆఫీసువాళ్ళు వచ్చి ఇల్లిల్లూ చూశారు. ఒక్క రాయీ దొరకలేదు. ఈ ఊళ్ళో శిల్పం దొరికింది కాపలాదారు ఇంట్లోనే అని రాసుకుని వెళ్ళారు. అలా, ఊరు మొత్తానికి మేమొక్కళ్ళమే దొంగలమయ్యాం.

నాన్న ఇప్పుడు ఇటుకల బట్టీకి వెళ్తున్నాడు. కాలేజీలో చేరే గడువు దాటిపోయింది. పెరట్లో రాయి ఉన్న చోట సిమెంటు పలక వేశాం. దాని గరుకుకు నానమ్మ వేళ్ళ కణుపులు చెక్కుకుపోతున్నాయి. చూపు ఆనదు కాబట్టి నెత్తురు అంటిన సంగతి బట్టలు ఆరేసేటప్పుడు నేను చెప్పాలి.

బాబాయి ఏదో పర్మిషను కోసం ఆఫీసుకు వెళ్ళినప్పుడు మా రాయిని చూశాడట. వెనక వరండాలో, బొమ్మ గోడ వైపు తిప్పి పెట్టి ఉందట. దానికి ఎవరిదో సైకిలు ఆనించి ఉందట. గుట్ట మీద సిమెంటు పూత అలాగే ఉంది.

బొమ్మలావిడ బాబాయి చేత ఒక కవరు పంపింది. అందులో ఐదు బాతుల బొమ్మ, కింద రెండు వాక్యాలు. 'ఈపాటికి మీ నాన్నగారికి సంతకం అయ్యే ఉంటుంది. కాలేజీ నుంచి నాకు ఉత్తరం రాయి.' నేను రాయలేదు. ఏమని రాయను? ఆవిడ మంచిది. అదే నాకు మింగుడుపడటం లేదు.

ఒక శనివారం బాబాయి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నయ్యా, తప్పుగా అనుకోకు. ఈ సంగతి పట్నం దాకా పాకింది. కారెక్కినవాళ్ళంతా, ఆ బాతుల రాయి ఉన్న ఇల్లు చూపిస్తావా అని అడుగుతున్నారు. భోజనం ఎలాగూ ఇక్కడే కదా. పెరట్లోకి తీసుకెళ్ళి నాలుగు ముక్కలు చెప్పావంటే..."

"రాయి లేదు కదరా, ఏం చూస్తారు?"

"ఉన్న చోటు చూస్తారు."

నానమ్మ లోపలి నుంచి, "చెక్కుకుపోయిన నా వేళ్ళు కూడా చూపించరా, టిక్కెట్టు పెట్టి" అంది.

నాన్న చేతుల్లో ఇంకిన ఇటుక ఎరుపును గోటితో గీక్కుంటూ కూర్చున్నాడు. చివరికి సరేనన్నాడు.

మొదటి ఆదివారం పెరట్లో ఆరుగురు నిలబడ్డారు. నాన్న పలక పక్కన నిలబడి, "ఇక్కడేనండి..." అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. మళ్ళీ, "ఇక్కడే" అన్నాడు. వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు చెప్పమ్మా" అన్నాడు నా వైపు చూడకుండా. "నువ్వయితే చెప్పగలవు."

ఆ మాట అన్నది కోపంతో కాదు. కోపమైనా బాగుండేది.

చెప్పాను. గుట్ట, కంచె, బొమ్మ కిందికి పెట్టే పద్ధతి, లారీ. అప్పటి నుంచి ప్రతి ఆదివారం చెప్తున్నాను. ఎక్కడ ఆగితే వాళ్ళు అయ్యో అంటారో ఇప్పుడు నాకు తెలుసు. బాబాయి కారు దగ్గర నా భుజం తట్టి, "బాగా మాట్లాడుతున్నావే" అంటాడు. మాటల మూట అనడం మానేశాడు.

మొన్న ఒక పెద్దాయన అడిగాడు. "ఆ ఐదు బాతులూ ఒకేలా ఉండేవా అమ్మా?"

అడిగి, ఆయన కూడా నా ముఖంలోకి చూస్తూ, జవాబు వచ్చేదాకా ఆగాడు.

"ఒకేలా ఉండేవండి" అన్నాను. "అన్నీ ముందుకే చూసేవి."