గండశిల ద్రాక్షతోఁట

శిశిరర్తువు నడచుచున్న మాఘమాసమునందు రాత్రులు హిమశీతలములై పగళ్లు నిర్మలాతపభాసురములై యొప్పుచుండఁగా గండశిలాదుర్గమునకుఁ దూర్పుననున్న కొండవాలున గులకరాతినేలపై వరుసలుగాఁ బందిళ్ల కెగఁబ్రాఁకిన ద్రాక్షతీఁగలు బాలభాస్కరకిరణములకు మేనులొగ్గి మంచుతడి నార్చుకొనుచుండెను. గుత్తులు పచ్చదనమును వీడి నీలివన్నెకుఁ దిరుగుచుండెను.

ఆ తోఁటను బెంచునది ముమ్మడమ్మ యను నఱువదేండ్ల విధవ. ఆమె పుట్టినది నది కావలియొడ్డుననున్న శత్రుమండలమున. పదేండ్లక్రిందటి యుద్ధమున నామె గ్రామము దగ్ధము కాఁగాఁ గూఁతుం జేతఁబట్టుకొని కొన్ని ద్రాక్షకొమ్మలను దడిగుడ్డలోఁ జుట్టుకొని యీ దుర్గమును శరణుచొచ్చెను. దుర్గాధిపతియైన గుండమనాయఁడు దయాళువై యేపంటయుఁ బండని యీ వాలు నామె కొసంగెను. ఆ రాతినేలనుండి పుట్టిన ద్రాక్షాసవమునే యతఁ డేటేట నుగాదినాఁడు సార్వభౌమునకుఁ గానుకగాఁ బంపుచుండెను.

గుండమనాయని మంత్రి నాగదేవుఁడు. వాని తమ్ముఁ డొక విందున శత్రువులు పెట్టిన విషముచే మరణించినది మొదలు ఆ మంత్రి వంటవాని చేతిని వైద్యుని మందును దుదకుఁ దన నీడను సైతము నమ్మఁడయ్యెను. అట్టివానికి “ముమ్మడమ్మ కాలువ కట్టివేసినది, ఆకులు దూసివేయుచున్నది” యని కావలివాఁడు విన్నవింపఁగా నతఁడు తత్క్షణమే తోఁటకుఁ బోయి యొక బండచాటున నిలిచి చూచెను. కాలువ యెండియుండెను, ఆకుల యంచులు వాడి వ్రేలుచుండెను, ఆ వృద్ధ వేరుమొదటఁ ద్రవ్వి చిటికెఁడు మన్ను నాలుకపై వైచుకొని తల యూఁచుచుండెను.

“తీఁగలు దప్పిచే వాడుచుండ నీరేల కట్టితివే?” యని మంత్రి యెదుటికి వచ్చి గద్దించెను.

ముమ్మడమ్మ యులికిపడి చేతులు జోడించి “అయ్యా! కాయ కండపట్టువఱకే నీరు. రంగు తిరిగినవెనుకఁ గడుపునిండ నీరు ద్రాగిన తీఁగ యాకులను బెంచునే కాని పండునకుఁ దీపి నీయదు. ఈ రాళ్లును నందులకే మంచివి, నీటిని నిలువనీయవు, పగటి వేఁడిని దాఁచి రాత్రి యిచ్చును” అనెను.

“ఆకు లేల దూసితివి?”

“ఉదయపుటెండ గుత్తికిఁ దగులవలెనయ్యా. పడమటి యాకుల నొక్కటియు ముట్టలేదు, చూడుఁడు. మధ్యాహ్నపుటెండ సోఁకినఁ బండు మాడిపోవును.”

“మీ యూర నిట్లే చేయుదురు కాఁబోలు!”

“నేల యిట్టిదైనచో నెవరి యూరనైన నింతేనయ్యా.”

మీ యూరన్నమాట కామె కనుఱెప్ప యొకింత యదరుటను మంత్రి చూచెను. కానుకను జెఱచి సార్వభౌమునకుఁ గోపము రప్పించి దుర్గమును గూల్పఁ బగవారు పదేండ్లక్రిందటనే పంపిన వేగుకత్తె యిది యని వాఁడు నిశ్చయించి యామెను గుడిసెలో నిర్బంధించి కాలువ విడువుఁడని భటుల కాజ్ఞాపించెను.

“నన్ను బంధింపుఁడయ్యా, కాలువను మాత్రము విడువకుఁడు!” అని యామె గోలున నేడ్చెను.

తన యనుమానమును సైతము ననుమానించువాఁడగుటచే నాగదేవుఁడు దిగువమళ్లకే నీరు విడిపించి యెగువమళ్ల నున్నవి యున్నట్లుంచెను. పదిదినములలో దిగువతీఁగలు మరకతచ్ఛాయఁ దేఱెను. పండ్లు బుగ్గలవలె నుబ్బెను. ద్రోహము బయటపడినదని మంత్రి లోలోన నుప్పొంగెను. పదుమూఁడవనాఁ డుబ్బిన పండ్ల తొక్కలు పగిలెను, కందిరీఁగలు ముసరెను, గుత్తులకు బూజుపట్టి పులిసిన కంపు తోఁటయెల్లఁ గమ్మెను. ఎగువమళ్లలోనో పండ్లు చిన్నవై నల్లనై గట్టిగా నుండెను. మంత్రి యొక గుత్తిని గోయించి మొదట మేఁకకుఁ బెట్టించి యది చావకుండుట చూచి పిదపఁ దాను నొకపండు నోట వైచుకొనెను. అట్టి తీపి వాఁ డెన్నఁడు నెఱుఁగఁడు. ఆ తీపితోడనే సిగ్గును గొంతు దిగెను.

వాఁడు స్వయముగాఁ బోయి గుడిసె తలుపు తెఱచెను. ముమ్మడమ్మ లేచి మొట్టమొదట “కుళ్లిన కంపు లోపలికే వచ్చెను. పైమళ్లకైన నీరు విడువలేదు గదా?” యని యడిగెను.

“విడువలేదమ్మా” యని నాగదేవుఁడు తలవంచెను.

ఆసవము సగమే దిగినను గానుక తఱికిఁ బంపఁబడెను. జరిగినది విని గుండమనాయఁడు మంత్రిని మందలించి యామెను నిలిచిపొమ్మని వేఁడుకొనెను. కాని యామె పెండ్లియై వెడలిన కూఁతుం జేర దాని యత్తవారి యూరికిఁ బయనమయ్యెను. నాగదేవుఁడు తోఁటయంచువఱకు వెంటవచ్చి “అమ్మా, నామీఁదఁ గోపమా?” యనెను.

“కోపము లేదయ్యా. కావలికండ్ల నడుమ నా చేయి వణఁకుచున్నది. వణఁకుచేతితోఁ దీఁగను గత్తిరింపరాదు.”

“కాలువ యేనాఁడు కట్టవలయునో యదియైనఁ జెప్పిపొమ్ము.”

“దాని కొక దినమనిలేదు. రోజును వచ్చి తీఁగను జూచుచుండుఁడు, అదియే చెప్పును” అని నాలుగడుగులు వేసి యామె వెనుదిరిగి “నన్నుఁ జూచిన చూపుతోఁ గాదు సుమీ!” అనెను.

దోసము వెదకు కన్నునకు దోసమే కనఁబడును. నేర్వఁగోరు కన్నునకే తీఁగ తన దప్పిని దెలుపును. ముమ్మడమ్మ కొండమలుపున మఱుఁగైనపిదప నాగదేవామాత్యుఁడు మోఁకాళ్లపైఁ గూర్చుండి వాడిన యొక యాకును రెండువ్రేళ్లతోఁ బైకెత్తి తెలిసియుఁ దెలియనివానివలెఁ జాలసేపు దానివంకనే చూచుచుండెను.