బ్రేకు బోల్టు మీద బూడిద

మరో నలభై నిమిషాల్లో నూటయాభై కిలోమీటర్ల వేగంతో దూసుకుపోవాల్సిన కారులో, ఎడమ ముందు చక్రం బ్రేకును పట్టి ఉంచే బోల్టు, మహేశ్వరి వేలు తగలగానే ఊడబోయే పన్నులా ఊగింది.

చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ తాకి చూసింది. మళ్ళీ ఊగింది. కింది బోల్టు గట్టిగానే ఉంది. పైది మాత్రం రెండు చుట్లు వదులు.

కారు నడపాల్సిన జాయ్ అప్పుడే హెల్మెట్ తలకు పెట్టి పట్టీ సరిచూసుకుంటోంది. తీసెయ్యమంది మహేశ్వరి. జాయ్ ఏదో హాస్యమాడబోయి, ఆమె ముఖం చూసి హెల్మెట్ తీసేసింది.

సోమందేపల్లె దాటాక హైవే నుంచి లోపలికి తిరిగితే, వానలు మొహం చాటేయడంతో వేరుశనగ వేయడం మానేసిన నేలలో ఒక తారు ట్రాక్, దాని పక్కన ఒక పెద్ద రేకుల షెడ్డు ఉన్నాయి. రేసు కార్లకు మెకానిక్కులను, రేసు జట్లకు మేనేజర్లను ఏడాదిలో తయారుచేసే శిక్షణ సంస్థ అది. ఆ రోజు చివరి పరీక్ష. తొమ్మిదింటికి కోయంబత్తూరు నుంచి ఒక జట్టు మేనేజరు వస్తాడు. పదింటికి ఆయన ముందు కారు పరుగెత్తుతుంది. ఆయన ఒకే ఒక్క మెకానిక్కును ఎంచుకుని వెంట తీసుకుపోతాడు. ఆ ఒక్కరు మహేశ్వరేనని షెడ్డులో అందరికీ తెలుసు. ముదిగుబ్బలో గొర్రెలు కాసుకునే ఆమె నాయన అప్పుడే ఊరందరికీ చెప్పేశాడు కూడా.

పదింటి పరుగులో పరువు పోకూడదని, ఏడింటికే ఒకసారి తోలి చూద్దామని ప్రధాన శిక్షకుడు ఐజాక్ ముందు రోజు రాత్రి ఫోన్‌లోని గ్రూపులో కబురు పెట్టాడు. ఇప్పుడు ఆయనే వంగి, టార్చి వేసి బోల్టును చూస్తున్నాడు.

నిన్న సాయంత్రం ఆ బోల్టులు బిగించింది మహేశ్వరి. రెంచి టక్కుమనేదాకా బిగించి, బోల్టు తలల్లోని రంధ్రాల గుండా సన్నటి స్టీలు తీగ పోనిచ్చి, పట్టకారతో మెలితిప్పి రెండింటినీ ఒకదానికొకటి కట్టేసింది. కారు ఎంత అదిరినా బోల్టు తిరగకుండా ఆ తీగే కాపలా. తీగ ఎవరు కడితే, చేసిన పని రాసిపెట్టే కార్డు మీద సంతకం వాళ్ళదే. కార్డు మీద మహేశ్వరి సంతకం ఉంది. తీగ కూడా తెగకుండా అలాగే ఉంది. అసలు ముప్పు అదే.

"తీగుండంగా బోల్టు దానంతటదే వదులు కాదు కదమ్మా," అన్నాడు ఐజాక్. గొంతు పెంచలేదు. "నువ్వు బిగించలేదనుకోవాల్నా, ఎవరో విప్పినారనుకోవాల్నా? తొమ్మిదికి ఆయప్పొస్తాడు. అంతలోపల చెప్పు. లేకుంటే నీ పేరు నా నోటెంబడి రాదు."

బ్రేకు బిగించని మెకానిక్కు అన్న మాట ఒకసారి పడితే ఏ జట్టూ గడప తొక్కనివ్వదు. ఆ సంగతి ఆయన చెప్పనక్కర్లేదు. చేతిలో ఉన్నది రెండున్నర గంటలు.

మహేశ్వరి షెడ్డంతా కలియజూసింది. నిన్నటిదాకా ఇవన్నీ తెలిసిన ముఖాలు. ఇప్పుడు ఒక్కొక్కటీ ఏదో దాస్తున్నట్టే ఉంది. సాయంత్రం ఆరింటికి పనిముట్లు లెక్కపెట్టి, బీరువాకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పోయేది ఐజాక్. షెడ్డు షట్టరుకు మాత్రం తాళం లేదు. ఎవరైనా ఎత్తొచ్చు.

తను పోతే లాభం ఎవరికి? రెండో స్థానంలో ఉన్న ఓబిలేష్‌కు. టైర్లు పేరుస్తున్న అతని దగ్గరికి నేరుగా వెళ్ళి, నిన్న ఆరు దాటాక ఎక్కడున్నావని అడిగింది.

ఓబిలేష్ టైరు కింద పెట్టి తాపీగా చేతులు దులుపుకున్నాడు. "ఒక్క మార్కు తక్కువొచ్చిందని జాయ్‌ని చంపేదానికి చూస్తాననుకుంటివా మే? అంత ఓపికుంటే ఆ మార్కే తెచ్చుకుంటాంటి కదా."

పెనుకొండలో తమ్ముడి పుట్టినరోజు విందుకు జాయ్‌తో సహా అయిదుగురిని తీసుకుపోయానని చెప్పాడు. అడిగితే జాయ్ అవునంది. ఆరు కొట్టకముందే బయల్దేరారట. తిరిగొచ్చి అందరూ హాస్టల్లో ఒకే గదిలో పడుకున్నారట. మహేశ్వరికి మొహం చెల్లలేదు. కానీ అనుమానం తగ్గలేదు. అనుమానించడానికి ఉన్న ఒక్క మనిషీ జారిపోతే, మిగిలేది తన సంతకమే.

ఏడున్నరకు పనిముట్ల గది చూసే నాగేశ్వర మోటారు సైకిలు మీద వచ్చాడు. ఆ షెడ్డులో అందరికీ కావలసిన మనిషి. ధర్మవరంలో మగ్గం మూలపడ్డాక, నలభై నాలుగేళ్ళ వయసులో మొదటి బ్యాచిలో పిల్లల పక్కన కూర్చుని చదివి, అందరికంటే పైన నిలిచాడు. వచ్చిన జట్లన్నీ వయసు అడిగి వెళ్ళిపోయాయి. ఐజాక్ ఆయనను పనిముట్ల గదిలో పెట్టుకున్నాడు. మహేశ్వరికి తీగ మెలివేయడం నేర్పింది ఆయనే.

కారు చుట్టూ జనాన్ని చూసి ఆయన బండి దిగకుండానే ఆగిపోయాడు. "పరుగు పదింటికి కదా?" అన్నాడు.

ఎవరో జరిగింది చెప్పారు. ఆయన అయ్యో అన్నాడు, మహేశ్వరి భుజం తట్టాడు, గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం అక్కడే నిలబడిపోయింది. కారు దగ్గర పదిమంది మూగి ఉంటే ఎవరైనా ఏమైందని అడుగుతారు. ఈయన ఎన్నింటికని అడిగాడేమిటి?

ఛీ అనుకుంది. నాగేశ్వరన్ననా? అయినా చక్రం దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

ఈసారి బోల్టును వదిలేసి తీగను చూసింది. తీగ మెలివేసే పట్టకారకు పళ్ళుంటాయి. తీగ కొసల మీద ఆ పళ్ళ గాట్లు పడాలి. ఈ తీగకు గాట్లు లేవు. మెలిక సన్నగా, ఒద్దికగా, దగ్గరగా ఉంది. నిన్న తను కట్టిన తీగ కాదిది. చేత్తో వేసిన మెలిక. ఆ మెలికల సందుల్లో ఏదో పొడి ఇరుక్కుని ఉంది. ఈ నేల దుమ్ము ఎర్రగా ఉంటుంది. ఇది తెల్లగా ఉంది. గోటితో గీకి, వేళ్ళ మధ్య రాసింది. బూడిద.

ఇంటర్ చదివేటప్పుడు ఆమె ధర్మవరంలో ఒక నేతగాళ్ళ ఇంట అద్దెకుంది. మగ్గం మీద నిలువు దారాల పడుగు ఒకటి అయిపోతే, కొత్త పడుగు పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు. పట్టు జారిపోతుంది కాబట్టి వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి ఒక్క మెలి తిప్పుతారు. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన చెయ్యి, సన్నటిది ఏది మెలివేయాల్సొచ్చినా ముందు బూడిద కోసమే పోతుంది. మనసుకు చెప్పి పోదు.

ఆ షెడ్డులో మగ్గం మీద కూర్చున్నవాడు ఒక్కడే.

గోడ గడియారంలో ఎనిమిది ఇరవై. ఆమె ఐజాక్‌ను పిలిచి, మీరు మాట్లాడకుండా నా వెనక రండి సార్ అంది. ఇద్దరూ పనిముట్ల గదికి వెళ్ళారు. నాగేశ్వర వీపు తిప్పి స్పానర్లు తుడుస్తున్నాడు.

"అన్నా, నీ కుడి చెయ్యి చూపిచ్చు."

ఆయన స్పానరు బల్ల మీద పెట్టి, ఇటు తిరిగి చెయ్యి చాచాడు. బొటనవేలి మీద, చూపుడువేలి మీద స్టీలు తీగ కోసిన సన్నటి గీతలు, ఇంకా పచ్చిగా. ఆయన ఐజాక్‌ను చూశాడు, తర్వాత మహేశ్వరిని చూశాడు, స్టూలు మీద కూలబడ్డాడు.

"నేనే సారూ," అన్నాడు. "నిన్న అందరూ పోయినాక షట్టరెత్తినా. పట్టకార బీరువాలో ఉండాది, తాళంచెవి మీ దగ్గర. నా బండి స్పానరుతో విప్పినా. కొత్త తీగ వేళ్ళతోనే మెలేసినా. జారతాంటే జోబీలోని విభూతి పొట్లం ఎప్పుడు తీసినానో నాకే తెల్దు. జాయ్‌కి చెడు చేయల్లని కాదు. పదింటికి, కారు కదిలేముందు, ఆ కోయంబత్తూరాయప్ప ముందరనే చక్రం మీద చెయ్యి పెట్టి, ఇదో ఈ బోల్టు వదులుగా ఉండాదని చెప్పల్లనుకుంటి. ఇంతమంది పిల్లోళ్ళు చూడంది ఈ ముసలోడు పట్టినాడు అని ఆయప్ప అనల్ల. ఒక్కసారి అనల్ల. అంతే సారూ. ఏడింటికే తోలతారని నాకెవరు చెప్పినారు? మీ గ్రూపు నా ఫోన్లోకి రాదు. ఈ పాప చెయ్యి పెట్టకుంటే జాయ్ ఏమైతాండెనో. తప్పు ఈ పాప సంతకం మీదికి వస్తాదని తెల్సు. తెల్సే చేసినా. అది తెల్దని చెప్పను. పోలీసుల్ని పిలుస్తారో ఏం చేస్తారో మీ ఇష్టం. కానీ పాప పేరు మాత్రం కొట్టేయొద్దు సారూ. ఆయప్పకు నేనే చెప్తా. ఈ పాప బిగించిన బోల్టు నా చేతులకు లొంగలేదు, స్పానరు మీద కాలు పెట్టి తన్నితే గాని కదల్లేదు అని చెప్తా."