రాయమల్లు గీసిన ఊరు

ముప్పయ్యేళ్లు బొగ్గుగనుల్లో 'జాగ్రత్త', 'పైకప్పు చూసుకో' అని బోర్డులు రాసిన చెయ్యి రాయమల్లుది. అలాంటి చేతికి సొంత ఊరిని గీయడం ఒక లెక్కా అనుకున్నాడు. అనుకున్నదొకటి, అయిందొకటి.

అతని భార్య పోశవ్వ కళ్లను షుగరు తినేస్తోంది. రెండు మూడు నెలల్లో చూపు పూర్తిగా పోతుందని దవాఖానలో తేల్చి చెప్పేశారు. "ఇగ సూసేదేమున్నది గని, ఒక్కపారి మన ఊరు సూపియ్యయ్యా" అంది. ఏం చూపిస్తాడు? ఊరు నేలంతా తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు గనిలో పోయి ఇరవై రెండేళ్లాయె. ఒక్క ఫొటో తీసి పెట్టుకోవాలన్న బుద్ధి అప్పుడెవరికుంది? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, గోదావరిఖనిలో ఇంటి వరండాలో గుడ్డ బిగించి ఇప్పుడు కుంచె పట్టాడు.

మొదటిది అచ్చం ఫొటోలా గీశాడు. మక్కచేను, తాటివనం, వెనక గుట్ట. పోశవ్వ దగ్గరికొచ్చి, ముక్కు ఆనేంతగా చూసింది. "మంచిగనే ఉంది. మన ఊరు గాదు."

రెండోది క్యాలెండరు బొమ్మలా నిగనిగలాడే రంగుల్లో వేశాడు. ఊహూఁ. మూడోది కథ చెప్పేవాళ్ల పటంలా, ఎర్రటి నేల మీద పెద్ద పెద్ద కళ్ల మనుషులతో. "గీళ్లెవరయ్యా?" అని నవ్వింది, ఒప్పుకోలేదు. నాలుగోది ఆమె మసకచూపుకు అందేలా గీతల్లేకుండా ముద్దముద్దగా పులిమాడు. దాన్ని చూసి బావురుమంది.

"ఏదో తప్పున్నదయ్యా. ఏందో చెప్పొస్తలేదు నాకు."

రాయమల్లు తిక్కరేగి కుంచె విసిరికొట్టాడు. కోపం ఎవరి మీద? తన మీదే.

ఆ వారమే పోశవ్వను చూసిపోదామని బెల్లంపల్లి నుంచి అతని అక్క కనకవ్వ వచ్చింది. నాలుగు బొమ్మలూ చూసి నడుం మీద చెయ్యేసుకుంది.

"తమ్మీ, మన ఊరికి గుట్ట ఏడిదిరా? అది బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి గాదా?"

నిజమే! ఊరు పోయాక రోజూ డ్యూటీకి పోతూ వస్తూ చూసిన మట్టికుప్పను, తుమ్మలు మొలిచి పచ్చబడేసరికి, పుట్టినప్పటి గుట్ట చేసుకున్నాడు. ఊరిని మింగిన మట్టినే ఊరికి అందమని నాలుగు రకాలుగా గీశాడు. ఛీ, ఇదేం బతుకు!

అయిదో గుడ్డ బిగించాడు. చేను వచ్చింది, తాటివనం వచ్చింది. వాటి వెనక కుంచె ఆగిపోయింది.

"అక్కా, గక్కడ ఏముండె?"

కనకవ్వ చాలాసేపు ఆలోచించింది. "చెరువుండెనా... కాదు, అది ఇవతల. యాదికొస్తలేదురా."

ఆమె వెళ్లిపోయింది. మూడు రోజులు ఆ చోటు తెల్లగానే ఉంది. నాలుగో రోజు పొద్దున పోశవ్వ గోడ పట్టుకుని వచ్చింది.

"గిక్కడ గింత తెల్లగ ఏందయ్యా?"

"ఏముండెనో యాదికొస్తలేదే."

"నాకు సుత యాదికొస్తలేదు." ఆ తెల్లచోటును వేలితో తడిమింది. "గుట్టనే పెట్టు. గట్ల ఖాళీగ సూస్తే, మనకు ఊరే లేకుండె అనిపిస్తాంది."

రాయమల్లు ఏడుస్తూనే రంగు కలిపాడు. ఆమె కళ్లున్నప్పుడే పూర్తి చేయాలి. సాయంత్రానికల్లా ఊరి వెనక గుట్ట మళ్లీ లేచింది.