మలుపు దగ్గర మనిషి

మెర్ల్ స్టాంపర్ మోటారుసైకిళ్ళ గుంపులో చేరినవాళ్ళకి మొట్టమొదట చెప్పే నియమం ఒకటుంది. దారి చీలిన ప్రతిచోటా మెర్ల్ వెనకే వస్తున్న బండి ఆగిపోవాలి. అందరికన్నా వెనక నారింజరంగు జాకెట్‌తో వచ్చే హాలిస్ కనబడేదాకా అక్కడే నిలబడి, ఎటు తిరగాలో చెయ్యి చూపించాలి. మలుపు దగ్గర మనిషి లేకపోతే నేరుగా పొమ్మని అర్థం.

అక్టోబరు నెల శనివారం పొద్దున్న వర్జీనియా కొండల్లోకి ఏడు బండ్లు బయల్దేరాయి. పాత చర్చి దగ్గర దారి చీలేసరికి ఆగే వంతు నడీన్‌కి వచ్చింది. ఆమెకి నలభై దాటాయి. పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది, బండి నేర్చుకుని రెండేళ్ళే అయింది. వెనక వచ్చిన నలుగురికీ ఎడమవైపు చెయ్యి చూపించింది. వాళ్ళు అటు తిరిగి సాగిపోయారు. హాలిస్ మాత్రం రాలేదు.

అయిదు నిమిషాలు గడిచాయి. వాన సన్నగా మొదలైంది. తొడుగుల్లో వేళ్ళు కొయ్యబారిపోయాయి. ముందువాళ్ళు మరీ దూరమైతే తడిసిన ఆ వంకర దారిలో ఒంటరిగా నడపాలి. ఆ భయం ఆమెని నిలవనివ్వలేదు. అంతలో కింది వంపులో, చెట్ల సందున, నారింజరంగు ఏదో మెరిసింది. హాలిసే అనుకుంది. కాదేమోనన్న అనుమానాన్ని పక్కకి నెట్టేసి బండి తిప్పింది.

పన్నెండు మైళ్ళ అవతల హోటల్లో అందరూ బీన్స్, మొక్కజొన్న రొట్టె తెప్పించుకున్నారు. నడీన్ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కాసేపటికి రోడ్డు పనివాళ్ళ ట్రక్కు ఒకటి వచ్చి ఆగింది. దాని తలుపుల నిండా నారింజ చారలు. చెట్ల సందున తను చూసింది ఈ రంగేనని ఆమెకి అర్థమైంది.

అరగంటైనా హాలిస్ రాలేదు. ఆ లోయల్లో సెల్‌ఫోన్లు పనిచేయవు. మెర్ల్ లేచి ఆమె దగ్గరికి వచ్చాడు.

"చర్చి దగ్గర హాలిస్‌ని చూశాకే కదా బయల్దేరావు?"

"చూశాను. నా వెనకే వచ్చాడు," అంది నడీన్.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. అన్నాక వెనక్కీ తీసుకోలేదు.

చర్చి దాటాక ఏదో జరిగిందనుకుని ఆరుగురూ ఆ పన్నెండు మైళ్ళూ వెతకడం మొదలుపెట్టారు. ప్రతి వంపు దగ్గరా ఆగడం, అంచున నిలబడి లోయలోకి పేరు పెట్టి కేకేయడం, చెవులు రిక్కించడం. నడీన్ కూడా కేకేసింది. ఇక్కడ లేడని తెలిసి పిలుస్తున్న ఆ పిలుపు ఆమెకే పరాయిదిలా వినబడింది. ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే ఒక వంపు దాటింది, ఇంకొకటి దాటింది. వాన పెరిగింది.

ఒకచోట రోడ్డు అంచున ఇనపకమ్మీ వంగి ఉంది, కింద పొదలు విరిగి ఉన్నాయి. గుంపులో అందరికన్నా చిన్నవాడు కోడీ, మెర్ల్ వద్దంటున్నా వినకుండా, నాచు పట్టిన రాళ్ళ మీదుగా దిగసాగాడు. నాలుగడుగులు వేశాడో లేదో కాలు జారింది. ఒక వేరుని పట్టుకుని వేలాడాడు.

"కోడీ, పైకి వచ్చెయ్. ఆయన అక్కడ లేరు," అంది నడీన్.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నేను ఆయన్ని చూడలేదు. చలికి తట్టుకోలేక ముందే వచ్చేశాను. చర్చి దగ్గర ఎవరూ లేకపోతే ఆయన నేరుగా పోయుంటారు."

మెర్ల్ మొహంలో రక్తం ఇంకిపోయింది. కోడీకి చెయ్యి అందించి పైకి లాగి, బండెక్కాడు.

చర్చి దగ్గర నేరుగా పోయే దారి నాలుగు మైళ్ళు బాగానే ఉంటుంది. ఆపైన తారు పోయి కంకర మొదలవుతుంది. ఆ కంకర మొదలైన వంపులోనే హాలిస్ బండి కాలవలో పడి ఉంది. ఆయన గట్టుకి ఆనుకుని, ఎడమచేతిని గుండెలకి అదుముకుని కూర్చున్నాడు. పెదాలు నీలం తిరిగాయి. వానకోటు తొడుక్కోవడానికి ఆగి వెనకబడ్డానని, మలుపులో ఎవరూ లేకపోతే నేరుగా వచ్చానని వణుకుతూ చెప్పాడు. పడి రెండు గంటలు దాటింది. కోడీ దగ్గర్లోని ఇంటికి పరిగెత్తి అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. నడీన్ తన జాకెట్ విప్పి ఆయన కాళ్ళ మీద కప్పింది. అది ఎవరిదో ఆయన చూడలేదు.

ఎడమ భుజం దగ్గర కాలర్‌బోన్ విరిగింది. ప్రాణానికి ఏమీ కాలేదు.

మర్నాడు నడీన్ ఆసుపత్రికి వెళ్ళి, మెర్ల్ ఈపాటికి చెప్పేసి ఉంటాడని తెలిసినా, మొదట్నించీ తన నోటితోనే చెప్పింది. హాలిస్ కళ్ళు మూసుకుని విన్నాడు.

"చలేసి వెళ్ళిపోయావు. సరే, నాకూ భయాలున్నాయి," అన్నాడు చివరికి. "చూశానని చెప్పావు చూడు, దానికి కోపంగా ఉంది నడీన్. ఇది ఇప్పట్లో తగ్గేది కాదు."

"తగ్గక్కర్లేదు," అంది ఆమె.

వెళ్ళిపొమ్మని ఆయన అనలేదు. మంచినీళ్ళ గ్లాసు చేతికి అందక తడుముకుంటుంటే ఆమె తీసి అందించింది. తాగి, గ్లాసు తిరిగి ఆమెకే ఇచ్చాడు. ఆయన కూతురు వచ్చేదాకా ఆమె అక్కడే కూర్చుంది.