షాంపూలో నలుపు

ఏడు నెలలుగా తలకు రంగు ముట్టని ఆమె ఆ ఆదివారం ఉదయం తలస్నానం చేసి తుడుచుకుంటే, తెల్లటి తువ్వాలుకు నల్లగా మరక అంటింది.

గబగబా అద్దంలో చూసుకుంది. చెవుల పక్కన వెండిలా మెరవాల్సిన వెంట్రుకలు మసి పూసినట్టున్నాయి. కనురెప్పలు దురద పెడుతున్నాయి. ఏడు నెలల కిందట రంగు పడక మొహమంతా వాచి, రెండు రోజులు కళ్లు తెరవలేకపోయింది. "మళ్లీ వేస్తే ఇంతటితో పోదమ్మా" అన్నాడు డాక్టరు.

ఆ వారమే పార్లర్‌కి వెళ్లింది. అక్కడి అమ్మాయి ఆమె గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మీది కోలమొహం ఆంటీ. చెవులు కనపడేలా తీసేసి, నడినెత్తిన కాస్త ఒత్తుగా ఉంచుదాం. తెలుపు మీకు నగలా ఉంటుంది" అంది. ముప్పై ఏళ్లుగా జడ కింద దాక్కున్న మెడకి తొలిసారి గాలి తగిలింది. నెలనెలా చేతులకి తొడుగులు, నెత్తికి పేస్టు, గంటసేపు కుర్చీలో బొమ్మలా కూర్చోవడం, అదీ తన నెత్తి తనకెటూ కనపడదు కాబట్టి ఇంకెవరి కళ్ల కోసమో. ఆ చాకిరీ వదిలిన సంబరంలో ఆమె ఆటో ఎక్కకుండా ఇంటిదాకా నడిచే వచ్చింది. ఇంట్లో అత్తగారు "నీ పక్కన కూర్చుంటే నన్నే కోడలనుకుంటారు" అంది. భర్త "చూసేవాళ్లేమనుకుంటారు?" అన్నాడు. ఆ చూసేవాళ్లెవరో ఏనాడూ చెప్పలేదు.

ఇప్పుడెవరో ఆమెకు తెలియకుండా ఆమె నెత్తిన చెయ్యేశారు.

ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఆరేళ్లుగా చుక్క రక్తంలో దాగిన రోగాన్ని పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. కోటు జేబులో మిగిలిన ఫిల్టర్ పేపరు తీసి, తన షాంపూ ఒక చుక్క, అత్తగారి షాంపూ ఒక చుక్క వేసింది. పావుగంట ఆగింది. అత్తగారిది మరకైనా లేకుండా ఆరిపోయింది. తనది గాలి తగిలేకొద్దీ ముదిరి, కాటుకలా నల్లబడింది.

అనుమానం ముందు అత్తగారి మీదికే పోయింది. సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

"అత్తయ్యా, దీని మూత తీయండి."

కీళ్లవాతంతో వంకర్లు పోయిన వేళ్లతో ఆవిడ కాసేపు కుస్తీ పట్టి వెనక్కిచ్చేసింది.

"నా వల్ల కాదమ్మా. నా సీసా కూడా అబ్బాయే తీసిపెడతాడుగా. మొన్న శుక్రవారం నీ సీసాకి అంటిందేదో కడుగుతూ కనబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు గ్లాసు కడగడం చూళ్లేదు, ఇదేం చోద్యమా అనుకున్నా."

ఆమె తిన్నగా భర్త దగ్గరికి వెళ్లలేదు. తల బాగా కడిగేసుకుని, డాక్టరిచ్చిన మాత్ర వేసుకుని, పార్లర్‌కి వెళ్లింది.

"నల్లబడ్డదంతా తీసెయ్."

"మరీ పొట్టిదైపోతుంది ఆంటీ."

"కానీ."

మొదళ్లకి రంగు సరిగా పట్టలేదు. మిషను నడిచిన చోటల్లా తెలుపు బయటపడింది. అద్దంలో నుదురు, చెంపలు, కళ్లు, అన్నీ అడ్డు తొలగినట్టు తేటగా కనిపించాయి. ఈ మొహం తనకి నచ్చింది.

హాల్లో ఫోను చూసుకుంటున్న భర్త తలెత్తి నిర్ఘాంతపోయాడు.

"ఇదేం అవతారమే? శనివారం మా ఆఫీసు విందుకి అందరూ భార్యలతో వస్తున్నారు."

"నేనూ వస్తాను. ఇలాగే వస్తాను. ఇకమీదట నా తల ఇలాగే ఉంటుంది." ఫిల్టర్ పేపరు అతని ఫోను మీద పెట్టింది. "నా కళ్లు వాచిపోతాయని తెలిసీ ఎందుకు కలిపారో చెప్పండి."

"కంపెనీవాళ్లే కలిపారేమో. నాకేం తెలుసు?"

"మీరు సీసా కడగడం అత్తయ్య చూశారు."

ఆమె ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను నల్లచుక్క మీంచి తల ఎత్తకుండానే నోరు విప్పాడు.

"కొంచెమే కలిపాను. అంత ప్రమాదం ఉండదనుకున్నా. పోయిన నెల లిఫ్టులో మా కొత్త మేనేజరు కలిశాడు చూడు, నువ్వు ముందు దిగిపోయావు. 'ఎవరండీ, మీ అక్కగారా?' అనడిగాడు. శనివారం ఆయనా వస్తాడు. అప్పుడు లిఫ్టులో నేను... 'అవునండీ, మా పెద్దక్క' అన్నాను."