ముందు ఎలా ఉండేవారు?

మనసు మీద మందులు ఏం చేస్తాయో చూడటం మా ల్యాబ్ పని. ల్యాబ్ అనగానే సీసాలూ గొట్టాలూ ఊహించుకోకండి. రెండు కుర్చీలు, ఒక బల్ల, ఎప్పుడూ గురగురలాడే వాటర్ కూలర్, ఓపిక ఉన్నంతసేపు ప్రశ్నలు. మందు రక్తంలో ఎంత ఉందో పక్కగదిలో యంత్రం చెబుతుంది. మనిషిని ఎంత మార్చిందో ఇంట్లోవాళ్లు చెప్పాలి. వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించేది నేను.

ఈసారి మేం పరిశోధనకు తీసుకున్నది మూడ్‌ను నిలకడగా ఉంచే మాత్ర. అది లేకపోతే కొందరికి ఉత్సాహం ఆకాశానికెక్కి కూర్చుంటుంది, ఆనక మనిషిని తెచ్చి మంచంలో పడేస్తుంది. ఏళ్లతరబడి ఆ మాత్ర వాడుతున్నవాళ్ల భార్యల్నీ భర్తల్నీ తోబుట్టువుల్నీ పిలిచి, "ముందుతో పోలిస్తే ఇప్పుడెలా ఉన్నారు?" అని అడిగేదాన్ని.

"ముందు" అనగానే వాళ్ల మొహాలు వెలిగిపోయేవి. ఒక టైలరు భార్య, ఆయన ఒక్కపూటలో వీధిలో పిల్లలందరికీ చొక్కాలు కుట్టి పంచేసిన సంగతి చెప్పి కడుపుబ్బా నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు బుద్ధిగానే ఉన్నారు. చెబితే వింటారు. కానీ ఆ మనిషి వేరండీ" అంది. అందరిదీ ఇంచుమించు అదే పాట. మా ప్రొఫెసర్ గారికి ల్యాబ్‌లో సగటు గారని పేరు. కూరలో ఉప్పెక్కువైనా, నిన్నటి చప్పిడి కూరతో కలిపి సగటు తీసి సరిపోయిందంటారు. ఆయన అంకెలన్నీ చూసి, ఈ మాత్ర మనిషిని నిలబెడుతోంది కానీ కళ తీసేస్తోందని తేల్చారు.

నేను కాదనలేదు. మా ఇంట్లోనూ ఒక "ముందు" ఉంది మరి.

మా అన్నయ్య బోర్డులు రాస్తాడు. అప్పట్లో అతను నిచ్చెనెక్కితే కింద జనం ఆగిపోయేవారు. చెప్పుల కొట్టుకి బోర్డు రాయమంటే అక్షరాలకు కాళ్లు పెట్టి నడిపించాడు. పసుపు రంగు మిగిలిందని మా వంటింటి తలుపుకీ కిటికీకీ, ఆఖరికి అమ్మ కూర్చునే స్టూలుకీ పూసేసి, "ఇంట్లోకి ఎండ తెచ్చానమ్మా, తిట్టకు" అన్నాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు బడి ఎగ్గొట్టించి, ఈ బస్సు ఎక్కడిదాకా పోతుందో చూద్దాం రమ్మని ఆఖరి స్టాపుదాకా తీసుకెళ్లాడు. దారిపొడుగునా కనబడ్డ ప్రతి బోర్డునూ ఒక్కో గొంతుతో చదివాడు. కండక్టరు టికెట్ల సంగతి మరిచిపోయి నవ్వాడు. ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. నా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో, పాపం వాళ్లకు కంఠతా వచ్చేసింది.

ఇప్పటి అన్నయ్య బోర్డుకు ఆనించిన కర్ర మీద చేయి మోపి, తనూ ఏళ్లుగా వాడుతున్న ఆ మాత్ర తెచ్చిపెట్టిన సన్నటి వణుకును అదుపులో పెట్టుకుంటూ తిన్నగా రాస్తాడు. దాహం ఎక్కువ కాబట్టి పక్కన నీళ్ల సీసా ఉండాల్సిందే. జోకు వేస్తే నవ్వుతాడు, తను మాత్రం వేయడు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర, "నీ పరిశోధన ఎందాకా వచ్చింది బుల్లీ?" అని అడిగాడు. నా నోరు ఊరుకుంటుందా? సగటు గారు తేల్చింది ఉన్నదున్నట్టు చెప్పేశాను. గ్లాసులో నీళ్లు వంచుకుంటూ "అలాగా" అన్నాడు, అంతే.

కొన్నాళ్లకు వదిన ఫోన్ చేసింది. "మీ అన్నయ్య మాత్రలు మానేశాడమ్మా. అడిగితే, కళ పోతుందని మా చెల్లెలే తేల్చింది అంటున్నాడు. ఉన్నట్టుండి ఆపితే మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు గారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. నువ్వంటేనే వింటాడు, ఒకసారి వచ్చి చెప్పు."

ఉన్నపళంగా అతని దుకాణానికి వెళ్లాను. పళ్ల డాక్టరు బోర్డు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మాత్ర ఆపినవాళ్లలో ఎంతమంది ఆసుపత్రి పాలయ్యారో అంకెలతో సహా అప్పజెప్పడం మొదలుపెట్టాను. కుంచె పక్కన పెట్టాడు.

"లెక్కలొద్దులే. నీ సంగతి చెప్పు. నీకు ఎవరు కావాలి? అప్పటివాడా, నేనా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అతని కళ్లలోకి చూస్తూ ఆడలేకపోయాను.

"అప్పటివాడే. రోజూ గుర్తొస్తాడు. వాడి మీద నాకు చాలా బెంగ."

"మరింకేం?" అన్నాడు. మొహం విప్పారింది. "ఆ బస్సు రోజు ఎంత బాగుందే. తిరిగి ఎలా వచ్చామో అదొక్కటీ గుర్తులేదు."

"మనం రాలేదన్నయ్యా. నేనొక్కదాన్నే వచ్చాను."

ఆ సగం నేనెవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఆఖరి స్టాపు దగ్గర పొడుగాటి ఖాళీ గోడ చూసి, రంగులు తెస్తాను, ఇక్కడే కూర్చోమని వెళ్లాడు. పొద్దుగూకేదాకా బెంచీ మీదే కూర్చున్నాను. చివరికి ఆ కండక్టరే గుర్తుపట్టి ఇంటికి చేర్చాడు. అన్నయ్య చాలా రోజుల తర్వాత చెప్పుల్లేని కాళ్లతో వచ్చాడు. వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నవాడు నెలల తరబడి లేవలేదు.

అదంతా అన్నయ్యకు చెబుతుంటే టైలరు భార్య కళ్లముందు మెదిలింది. చొక్కాలు పంచాక ఏమైందని నేనామెను అడగనేలేదు. అందరూ నవ్వు అయిపోయినచోట కథ ఆపేస్తే, మేం అదే "ముందు" అని రాసేసుకున్నాం. మనిషి పండగలాంటి పూటతో పోల్చి, మామూలు రోజులు వెలవెలబోయాయని తేల్చాం.

అన్నయ్య చేతులకంటిన రంగు తుడుచుకున్నాడు.

"నిన్ను నేనే ఇంటికి తెచ్చాననుకున్నాను, ఇన్నేళ్లూ. భయపడ్డావా?"

"చాలా. ఆ తర్వాత నువ్వు పాడుకుంటూ ఇంట్లోకొస్తే చాలు, భయం వేసేది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు నువ్వు పది నిమిషాల్లో వస్తానంటే నేను గడియారం చూడను."

"ఈ ముక్క మీ ప్రశ్నల్లో లేదా?"

"లేదు."

"పెట్టమను మీ సగటు గారిని" అంటూ లేచాడు. కుంచెలు కడిగి, షట్టరు దింపాడు. "పద, దారిలో డాక్టరు గారికి ఫోన్ చేసి, మాత్ర మళ్లీ ఎలా మొదలుపెట్టాలో అడుగుదాం. మీ వదిన కంగారు పడుతూ ఉంటుంది."

అప్పటి అన్నయ్యంటే నాకు ప్రాణం. ఆ బెంగ నాకు తీరదు. కానీ ఇంట్లో ఒకరు తనకోసం కంగారు పడుతూ ఉంటారన్న మాట ఆ అన్నయ్య నోట నేనెన్నడూ వినలేదు.