మూడు బిళ్ళలు తగ్గిన అట్ట

నేను ఒక మాత్రల అట్టను. వెండిరంగు రేకు, పది గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక్కో తెల్ల బిళ్ళ. నా మందు పేరు కార్బమజెపీన్, పని మూర్ఛ ఆపడం. నాతోపాటు యంత్రంలోంచి బయటపడ్డవాళ్ళు లక్షల్లో ఉంటారు. వాళ్ళని మింగినవాళ్ళలో ఎక్కువమంది నిశ్చింతగా బస్సులెక్కుతున్నారు, పెళ్ళిళ్ళకి వెళ్తున్నారు. నా రాత మాత్రం వేరు.

రామచంద్రపురం దగ్గర కొబ్బరిపీచుతో తాళ్ళు పేనే ఒక ఇంటికి నన్ను తెచ్చారు. ఆ ఇంటి కుర్రాడు గంగరాజుకి ఇరవై ఏళ్ళు, అప్పుడప్పుడు మూర్ఛ వచ్చేది. వాడి నాయనమ్మ నూకాలమ్మ రోజూ బిళ్ళని తన చేత్తోనే వాడి నోట్లో వేసేది. చేతికిస్తే పెరట్లోకి విసిరేస్తాడని ఆవిడ అనుమానం. నాకు ముందొచ్చిన అట్ట పదిరోజుల్లో ఖాళీ అయింది. తర్వాత నా వంతు. నాలోంచి మూడో బిళ్ళ వేసిన మర్నాడు వాడికి జ్వరం కాసింది. కళ్ళు ఎర్రబడ్డాయి, పెదాలు పుండ్లు పడ్డాయి, ఒంటినిండా పొక్కులు లేచాయి.

అమ్మవారు పోసిందని నూకాలమ్మ తేల్చేసింది. తల్లి ఒంటిమీద ఉండగా మందు మింగితే కోపగించుకుంటుందని నన్ను ఇత్తడి డబ్బాలో పడేసి, మనవణ్ణి వేపమండల మీద పడుకోబెట్టింది. చర్మం పొరలు పొరలుగా ఊడింది. నెల దాటాక లేచి కూర్చున్నాడు గానీ ఎడమకన్ను మసకబారింది. తల్లి వెళ్తూ వెళ్తూ గుర్తు వదిలి వెళ్ళిందన్నారు. మూర్ఛ మళ్ళీ రాలేదు గనక అదీ ఆవిడ చలవేనని చలివిడి, పానకం పెట్టి దణ్ణాలు పెట్టారు. చేసిందేమో నేను, పేరేమో తల్లిది. తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా డబ్బాలో పడి ఉన్నాను.

రెండేళ్ళు గడిచాయి. పదో తరగతి చదువుతున్న వాడి చెల్లెలు వీరవేణి ఒకే వారంలో రెండుసార్లు మూర్ఛతో పడిపోయింది. నూకాలమ్మకి వెంటనే నేను గుర్తొచ్చాను. ఇంట్లో ఏడు బిళ్ళలుండగా కొత్తవెందుకని నన్ను తీసి, ఒక గూటిమీద బొటనవేలు పెట్టింది. నొక్కితే బిళ్ళని వదలక తప్పదు నాకు. తర్వాత ఏమవుతుందో చెప్పడానికి నోరు లేదు. ఏనాడూ అత్తకి ఎదురు చెప్పని కోడలు మంగతాయారు ఆ పూట మాత్రం, కాకినాడ ఆసుపత్రిలో ఒకసారి అడిగి వేద్దామంది. అడిగితే పోయేదేముందని అత్త ఒప్పుకుని, నన్ను కొంగున కట్టుకుని బయల్దేరింది.

అక్కడ డాక్టరు హైమవతి, ఏ మందైనా పడక ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు పొక్కిందా అని అడిగింది. అత్తా కోడలూ పిల్లా ముగ్గురూ లేదన్నారు. అబద్ధం కాదు. తల్లి చేసినదాన్ని ఎవరూ రోగాల లెక్కలో వెయ్యరు. డాక్టరు నన్ను అటూ ఇటూ తిప్పి, మూడు వేసి ఎందుకు ఆపేశారంది.

"అమ్మవారు పోసిందండి. అప్పుడు మందెయ్యకూడదు కదండీ," అంది నూకాలమ్మ, చదువుకున్నదానికి ఇంతమాత్రం తెలీదా అన్నట్టు.

డాక్టరు కలం కింద పెట్టి, ఏ రోజు ఏమయిందో మెల్లగా అడిగి తెలుసుకుంది. తర్వాత విషయం చెప్పింది. కొందరి రక్తంలో ఒక జన్యువు ఉంటుంది. అది ఉన్నవాళ్ళకి ఈ మందు వేస్తే చర్మం కాలినట్టు ఊడిపోయే ప్రమాదం ఉంది, ప్రాణమూ పోవచ్చు. అన్నకి అది ఉంటే చెల్లెలికీ ఉండొచ్చు. అందుకే ఇలాంటి మందు వాడేముందు రక్తం పరీక్ష చేయించుకోవడం మంచిది.

మంగతాయారు కూతుర్ని దగ్గరికి లాక్కుంది. నూకాలమ్మ తన కుడిచేతిని చూసుకుంది.

"నా చేత్తోనే వేశానండి వాడికి," అంది.

"ఆపింది కూడా ఆ చెయ్యేనమ్మా. ఇంకో నాలుగు రోజులు వేసుంటే మీ మనవడు దక్కేవాడు కాదేమో," అంది డాక్టరు.

ముసలావిడ అప్పుడు ఏడ్చింది. నాకూ బాధేసింది. రేకుకి బాధేమిటంటారా, మూడు బిళ్ళలు నావే కదా.

అన్నాచెల్లెళ్ళిద్దరి రక్తమూ పరీక్షకి పంపారు. పదిరోజులకి కాగితాలొచ్చాయి. ఆ జన్యువు ఇద్దరిలోనూ ఉంది. వీరవేణికి వేరే మందు రాశారు, అది పడింది. పరీక్షలు రాసి ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది.

డాక్టరు నాలోని ఏడు బిళ్ళలూ తీసి పారేసి, ఖాళీ రేకుని కూడా చెత్తబుట్టలో వెయ్యబోతే నూకాలమ్మ చెయ్యి చాపి అడిగి పుచ్చుకుంది. ఆవిడకి చదువు రాదు, నా పేరు నోరు తిరగదు. ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినా నాడి చూపించకముందే నన్ను బల్లమీద పెట్టి, "ఇది మాత్రం మా పిల్లలకి రాయకండి బాబూ," అంటుంది. ఎన్నో ఇళ్ళలో మూర్ఛ ఆపిన జాతి మాది. ఆ మాట విన్నప్పుడల్లా కాస్త చిన్నతనంగానే ఉంటుంది. అయినా ఆవిడ చెప్పేది నిజం, నేను అడ్డు చెప్పను.